ఏ కాయ నీళ్ళు ఆ కాయకే

విజయవాడ, పటమట రైతుబజారు. సాయంత్రం ఐదు దాటింది. మధ్యాహ్నం నుంచి కురిసిన వాన ఇప్పుడే తెరిపిచ్చింది. రేకుల అంచు నుంచి ఇంకా చుక్కలు కారుతున్నాయి. కాళ్ళ కింద తడిసిన కొత్తిమీర కాడలు, క్యాబేజీ ఆకులు. చూసుకుని అడుగు వేయాలి. శ్రావణం కదా, ఎటు చూసినా తీగకాయలే. బీర, ఆనప, పొట్ల, కాకర, దొండ. ఈ రాత్రికి ఐదుగురికి వంట చేయాలి. ఏం వండాలో ఇంకా అనుకోలేదు. ఇంట్లో అనుకుని రావడం కన్నా, ఇక్కడికి వచ్చి ఏది లేతగా ఉందో చూసుకుని అప్పుడు అనుకోవడం నాకు ఇష్టం.

ఈ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉన్నాయి. బేరం అక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాయి. పండించినవాళ్ళే నేరుగా తెచ్చి అమ్ముకోవాలన్నది వాటి ఉద్దేశం. అందుకే ఇక్కడ కాయ సంగతి అడిగితే, దాన్ని కోసిన చేయే జవాబు చెబుతుంది. బీరకాయల గుట్ట ముందు కూర్చుని లావుపాటి కాయ ఒకటి తీశానో లేదో, తట్ట వెనక నుంచి ఒకావిడ చేయి అడ్డం పెట్టింది.

"అది వద్దు బాబూ, పీచు పట్టేసింది. ఇదిగో, ఈ నాలుగూ తీసుకో. పొద్దున్నే కోశాం."

ఆవిడ ఇచ్చిన కాయలు సన్నగా, లేత ఆకుపచ్చగా ఉన్నాయి. నిలువు అంచులు వేలికి గట్టిగా తగులుతున్నాయి. మెడ దగ్గర కొంచెం వంచితే వంగుతున్నాయి. ముదిరిన కాయ అయితే వంగదు, లోపల గింజ గట్టిపడి పీచు వస్తుంది. ముప్పావు కిలో తూగాయి. పక్క తట్టలో పొడుగు వంకాయలు. తొడిమ ఇంకా పచ్చగా ఉంది, తోలు మెరుస్తోంది, బొటనవేలితో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి లేస్తోంది. ఒక్కొక్కటీ తిప్పి చూసి, చిన్న బెజ్జం కనిపించినదల్లా తిరిగి తట్టలో పెడుతున్నాను. ఆ బెజ్జం వెనక పురుగు తొలిచిన దారి ఉంటుంది. వంకాయలు అరకిలో, టమాటాలు పావుకిలో, ఒక కొత్తిమీర కట్ట, గుప్పెడు పచ్చిమిర్చి, చిన్న అల్లం ముక్క.

సంచీలో కూరగాయలు కిలోన్నర అయ్యాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, రోజుకు 2000 కిలో కేలరీలు తినే పెద్దవాళ్ళకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు ఉండాలని చెబుతోంది. మా ఐదుగురికీ అదే లెక్క వేసుకుంటే రోజుకు రెండు కిలోలు. అందులో ముప్పాతిక వంతు ఈ ఒక్క రాత్రి భోజనంలోనే పళ్ళాల్లోకి వస్తుంది. రాత్రి అన్నంలో పెరుగు, ఊరగాయ వేసుకుని లేచిపోయే అలవాటున్న ఇళ్ళలో ఈ లెక్క ఎప్పటికీ తేలదు. సాయంత్రం ఒక గంట పొయ్యి దగ్గర నిలబడితే తేలుతుంది.

ఇక ఇంటికి. మీరూ రండి, వంటగది చిన్నదే కానీ గుమ్మం పక్కన నిలబడడానికి చోటుంది.

ఆరు గంటలు. ముందు నానబెట్టవలసినవి నానబెట్టాలి. గుప్పెడు పెసరపప్పు కడిగి, మునిగేలా నీళ్ళు పోసి పక్కన పెడుతున్నాను. పెద్ద ఉసిరికాయంత చింతపండు ఇంకో గిన్నెలో. బియ్యం కొలవడం అమ్మ పని. డబ్బాలో ఇప్పటికీ మా నానమ్మ వాడిన ఇత్తడి సోల ఉంది. నాలుగు గిద్దలు ఒక సోల. ఎవరెవరు ఎంత తింటారో అమ్మకు తెలుసు కాబట్టి సోల నిండా పోసి, పైన ఒక గుప్పెడు వేసి, చేత్తో చదును చేసి, ఒక్క క్షణం ఆలోచించి ఇంకో గుప్పెడు వేస్తుంది.

"కోడలు మధ్యాహ్నం సరిగ్గా తిని ఉండదురా. ఆఖరి వారం కదా, బ్యాంకులో రద్దీ."

ఆ రెండో గుప్పెడు అందుకు.

బియ్యం బీపీటీ. బాపట్లలో అభివృద్ధి చేసి 1986లో విడుదల చేసిన సాంబ మసూరి, బీపీటీ 5204. సన్నగా ఉంటుంది, ఉడికితే పొడిపొడిగా విడుతుంది, పప్పుకీ చారుకీ పెరుగుకీ అన్నింటికీ ఒదుగుతుంది. తెలుగు ఇళ్ళలో ఎన్నో పొయ్యిల మీద ఈ సాయంత్రం ఉడుకుతున్నది ఇదే. పాత బియ్యం కాబట్టి గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్ళు. కడిగి నానడానికి వదిలేస్తున్నాం, నానాక కుక్కరులో పెడితే చాలు. అన్నం గురించి ఇక ఆలోచించనక్కర్లేదు.

అమ్మ కింద పీట వేసుకుని కత్తిపీట ముందుకు లాక్కుంది. బీరకాయ కడిగి, తుడిచి, పైనున్న గట్టి అంచులనూ చెక్కునూ పలచగా తీస్తోంది. ఆ పొట్టు పారేయడానికి కాదు. పక్కన పళ్ళెంలో పోగవుతోంది, దానితో తర్వాత పని ఉంది. చెక్కు తీసిన కాయ మొదట్లోంచి ఒక చిన్న ముక్క కోసి మా అమ్మాయి చేతిలో పెట్టింది.

"నమిలి చూడవే. చేదుగా ఉందా?"

"లేదు నానమ్మా. తియ్యగా ఉంది."

"అయితే ఇది సరే. రెండోది చూడు."

నాలుగు కాయలకూ నాలుగు ముక్కలు. ఎనిమిదేళ్ళ పిల్లకు ఇది ఆటలా ఉంది కానీ ఆట కాదు. బీర, ఆనప, దోస ఒకే కుటుంబంలోవి. ఈ కాయల్లో అప్పుడప్పుడు కుకుర్బిటసిన్ అనే చేదు పదార్థం పోగవుతుంది. పైకి చూస్తే తెలియదు, నాలుకకే తెలుస్తుంది. అది వంటలో పోదు, ఎక్కువైతే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. చేదు ఆనపకాయ రసం తాగి ఆసుపత్రి పాలైనవాళ్ళ విషయం పరిశీలించిన నిపుణుల సంఘం 2012లో ప్రచురించిన నివేదికలోనూ ఇదే మాట ఉంది: చేదుగా ఉంటే తాగవద్దు. మా ఇంట్లో ఆ నివేదిక ఎవరూ చదవకముందు నుంచే కత్తిపీట దగ్గర ఈ ముక్క నమలడం ఉంది. ఒక్క చేదు కాయ గిన్నెలో పడితే కూరంతా పోతుంది కాబట్టి ప్రతి కాయనూ విడిగా చూస్తారు.

నాలుగూ తియ్యగానే ఉన్నాయి. అమ్మ కాయను నిలువుగా చీల్చి, అడ్డంగా తిప్పి, వేలి వెడల్పున ముక్కలు కోస్తోంది. గిన్నె నిండిపోయింది. పొయ్యి మీద మూకుడు పట్టనంత ఉన్నాయి ముక్కలు. కంగారు లేదు.

ఇప్పుడు పోపు. మూకుడులో రెండు చెంచాల నూనె. ముందు పచ్చిసెనగపప్పు, మినప్పప్పు. ఇవి వేగడానికి సమయం తీసుకుంటాయి కాబట్టి వీటిది మొదటి వరస. అవి లేత బంగారు రంగు తిరుగుతుండగా ఆవాలు. నూనె సరిగ్గా కాగితే ఆవగింజ లోపలి తడి ఆవిరై తోలును పగలగొట్టుకుని బయటకు వస్తుంది, ఆ చిటపట అదే. చిటపటలు సగం అయ్యాక జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు తుంచి. జీలకర్ర ముందే వేస్తే ఆవాలు పగిలేసరికి మాడి చేదెక్కుతుంది. చివర చిటికెడు ఇంగువ, పోపు మంట తగ్గించి కరివేపాకు. వానలో తడిసిన ఆకు, తుడిచినా ఎక్కడో చుక్క మిగిలింది. సుర్రుమని లేచింది. అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసి అక్కడి నుంచే వాసన పీలుస్తోంది. హాల్లో టీవీ ముందున్న నాన్న అడుగుతున్నారు.

"ఏం కూర్రా?"

"బీరకాయ, నాన్నా."

"పెసరపప్పు వేస్తున్నావా?"

"ఆఁ, వేస్తున్నా."

ఇక ఆయన టీవీ చూడవచ్చు.

ముక్కలన్నీ మూకుడులో గోపురంగా పడ్డాయి. పైన చిటికెడు పసుపు, నాలుగు పచ్చిమిరపకాయల చీలికలు, నానిన పెసరపప్పు నీళ్ళు వంపేసి. ఉప్పు ఇప్పుడు వేయడం లేదు. ఒక్క చుక్క నీరు కూడా పోయడం లేదు. అట్లకాడతో అడుగు నుంచి ఒకసారి పైకి తిప్పి, మూత పెట్టి, మంట సగానికి దించాను.

"నాన్నా, నీళ్ళు పోయలేదేం? మాడిపోదూ?"

"ఆగు, చూపిస్తా."

నాలుగు నిమిషాల తర్వాత మూత తీస్తున్నాను. మీరూ ఇలా దగ్గరికి రండి. ఇందాక గోపురంగా ఉన్న ముక్కలు మూకుడు అంచుకి దిగిపోయాయి. అడుగున లేత పచ్చని నీళ్ళు చిన్నచిన్న బుడగలతో ఉడుకుతున్నాయి. ఎవరూ పోయలేదు ఆ నీళ్ళు. బీరకాయలో నూటికి 95 పాళ్ళ దాకా నీరే. వేడికి కండ మెత్తబడగానే అది బయటికి వస్తుంది. ఆ నీళ్ళలోనే కాయ ఉడుకుతుంది, ఆ నీళ్ళలోనే పెసరపప్పు ఉబ్బుతుంది. మనం బయటి నుంచి గ్లాసుడు నీళ్ళు పోశామంటే, వాటిని ఇగిర్చడానికి ఇంకో పావుగంట మంట పెట్టాలి. ఈలోగా కాయ చితికిపోతుంది, రుచి పలచనవుతుంది. అమ్మాయి మూకుడులోకి తొంగి చూసి, నానమ్మ వైపు తిరిగి, "నీళ్ళు దానిలోనే ఉన్నాయి నానమ్మా" అని కొత్త సంగతిలా చెబుతోంది.

ఇంకో ఆరేడు నిమిషాలు. ఇప్పుడు ముక్కలు సగానికి సగం తగ్గాయి. ఉప్పు వేయవలసింది ఈ కొలతకు. మొదట్లో గోపురాన్ని చూసి వేసి ఉంటే కూర ఉప్పుకషాయమయ్యేది. ఇప్పుడు కూడా అనుకున్నదాంట్లో సగమే వేస్తున్నాను. కలిపి, ఒక చిన్న గిన్నెలోకి నాన్న వాటా తీసి పెట్టాక మిగతా సగం. నాన్నకు రక్తపోటు ఉంది. పెద్దవాళ్ళు రోజు మొత్తం మీద ఐదు గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాకు మించకుండా ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆయన కోసం వేరే చప్పిడి కూర వండి పక్కన కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. అందరిదీ ఒకే మూకుడు, ఒకే పోపు. ఉప్పు దగ్గర మాత్రం దారి చీలుతుంది. పెసరబద్ద వేళ్ళ మధ్య నొక్కితే నలుగుతోంది, కానీ దాని ఆకారం పోలేదు. పొయ్యి కట్టేశాను. కూర ఇంకొంచెం తడిగా ఉండగానే దింపాలి, గిన్నెలో వేడికి మిగతా తడి పప్పు పీల్చుకుంటుంది.

రెండో పొయ్యి మీద కుక్కరు కూత వేసింది. ఇక వంకాయ.

అమ్మ పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి, చెంచాడు ఉప్పు వేసి పక్కన పెట్టుకున్న తర్వాతే మొదటి వంకాయ కత్తిపీట మీద పెట్టింది. కోసిన ముక్క కోసినట్టే నీళ్ళలోకి పోతోంది. గాలి తగిలితే వంకాయ కండలోని పదార్థాలు రంగు మారి గోధుమ వన్నెకు తిరుగుతాయి, కనరు కూడా వస్తుంది. ఉప్పునీళ్ళు ఆ గాలిని ఆపుతాయి. ముక్కలు తేలకుండా పైన ఒక పళ్ళెం బోర్లించింది. అందరికీ తెలిసిన పనే, కానీ తొందరలో ముందు కోసి తర్వాత నీళ్ళు తెచ్చుకుంటాం. అమ్మ దగ్గర మాత్రం ఆ వరస ఎప్పుడూ తప్పదు.

వంకాయకు నూనె కొంచెం ఎక్కువే కావాలి, మూడు చెంచాలు. దాని కండ స్పంజి, ఎంత పోస్తే అంతా పీల్చుకుంటుంది. అందుకని మళ్ళీ మళ్ళీ పోయకుండా మొదట పోసిన దానితోనే సరిపెట్టాలి. మగ్గే కొద్దీ ఆ కండ కుంగి, పీల్చుకున్న నూనెను తనే వదులుతుంది. పోపు చిటపటలాడగానే ముక్కలు చేత్తో గట్టిగా పిండి వేస్తున్నాను. పసుపు, కొంచెం ఉప్పు. ఉప్పునీళ్ళలో ఉన్నాయి కాబట్టి చేయి ఆగాలి. బీరకాయకు ఉప్పు చివర వేశాం, వంకాయకు మొదటే. బీరకాయ తనంతట తాను నీళ్ళు వదులుతుంది. వంకాయ బిగదీసుకుని కూర్చుంటుంది, ఉప్పు పడితేనే లోపలి తడి బయటికి వస్తుంది.

ఇప్పుడు మూత. అమ్మ మామూలు మూత ఇవ్వలేదు. గుంటగా ఉన్న స్టీలు పళ్ళెం మూకుడు మీద పెట్టి, అందులో అర గ్లాసు నీళ్ళు పోసింది. కింద నుంచి లేచిన ఆవిరి చల్లని పళ్ళేనికి తగిలి చుక్కలై తిరిగి కూరలోనే పడుతుంది. చెవి దగ్గర పెట్టి వినండి. లోపల చుక్క పడ్డప్పుడల్లా నూనెలో సన్నగా చుయ్యి మంటోంది. కూర అడుగంటకుండా కాపలా కాసేది ఆ చప్పుడే. అది ఆగిపోయిందంటే తడి అయిపోయింది, వెంటనే తిప్పాలి. పైన పళ్ళెంలో నీళ్ళు గోరువెచ్చనయ్యాయి, ఇవి తర్వాత చారులోకి పనికొస్తాయి. గ్యాసు బండ అయిపోతుందని లెక్క చూసుకునే ఇళ్ళలో పుట్టిన పద్ధతిలా ఉంది ఇది. కూరకూ ఇదే మంచిది.

పది పన్నెండు నిమిషాలు పడుతుంది. ఈలోగా అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర, చిటికెడు జీలకర్ర మిక్సీలో వేసి మీట నొక్కాను. రెండు తిప్పులు తిరిగిందో లేదో, బయట ఉరుము. కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద లైటూ ఫ్యానూ వచ్చాయి. మిక్సీకి ఆ దారి లేదు.

"రోలు కడగరా" అంది అమ్మ. గొంతులో కొంచెం సంతోషం కూడా ఉంది.

బాల్కనీ మూల నుంచి చిన్న రోలు లోపలికి వచ్చింది. కడిగి, తుడిచి, మిక్సీలో సగం నలిగిన అల్లం పచ్చిమిర్చి అందులో వేశాను. పచ్చడిబండతో నాలుగు పోట్లు, రెండు తిప్పుళ్ళు. మిక్సీ రేకు కోస్తూ పోతుంది, రాయి నలుపుతుంది. నలిగినప్పుడు అల్లం పీచు విడి రసం ఊరుతుంది, కొత్తిమీర ముద్దకాకుండా ఆకు ఆకుగానే నూరుకుంటుంది. ఆ వాసన ఇప్పుడు పోపు వాసనను దాటి హాల్లోకి వెళ్ళింది.

వంకాయ మూత తీశాను. ముక్కలు మెత్తబడ్డాయి, అంచుల దగ్గర నూనె మళ్ళీ కనిపిస్తోంది. ఇక్కడ అమ్మాయి వాటా తీయాలి. దానికి ఇంకా నూరిన పచ్చిమిర్చి కారం పడదు. పోపు, ఉప్పు, పసుపుతో మగ్గిన వంకాయ నాలుగు చెంచాలు గిన్నెలోకి. నాన్న వాటా ఇంకో గిన్నెలోకి, దానిలో ఉప్పు కలపని కారం కొంచెం. మిగిలిన మూకుడులో అల్లం పచ్చిమిర్చి ముద్ద. రెండు నిమిషాలు కలిపి దింపేయాలి. కొత్తిమీర ఎక్కువ సేపు వేగితే రంగు నల్లబడుతుంది, పరిమళం గాలిలో కలిసిపోతుంది. అల్లం పచ్చివాసన పోయి, కొత్తిమీర పచ్చదనం ఇంకా ఉన్న ఆ కొద్ది సమయంలోనే పొయ్యి ఆపాలి. అది గడియారం చూసి తెలియదు. ముక్కు మూకుడు మీదే ఉండాలి.

రోలు మళ్ళీ ఖాళీ అయింది. కరెంటు రాలేదు. ఇందాకటి బీరపొట్టు ఇప్పుడు పనికొస్తుంది. చెంచా నూనెలో మినప్పప్పు, ఆవాలు, నాలుగు మెంతిగింజలు, ఆరు ఎండుమిరపకాయలు వేయించి తీశాను. అదే మూకుడులో బీరపొట్టు. మొదట పచ్చివాసన, తర్వాత గడ్డి వాసన, అది పోయి పొట్టు అంచులు ముడుచుకుని కమ్మగా మారేదాకా సన్న మంట మీద. రోట్లో ముందు వేయించిన పోపు బరకగా దంచి, అందులో ఇందాకటి చింతపండులో చిన్న పాయ, ఉప్పు, చివర పొట్టు. అమ్మ నన్ను పక్కకు జరిపి తనే కూర్చుంది. బండ తిరిగిన ప్రతిసారీ ఎడమ చేత్తో అంచుల్లో పేరుకున్నది లోపలికి తోస్తోంది. చేయీ బండా ఒకదానికొకటి తగలవు. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, ఎప్పుడూ తగలలేదు.

"మెత్తగా రుబ్బకూడదురా. పంటి కింద మినపబద్ద తగలాలి."

బీరకాయ కూర అయింది, పొట్టు పచ్చడి అయింది. కాయలో పారేసింది తొడిమ, కొన మాత్రమే.

చారు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే చారు త్వరగానే అవుతుంది. చింతపండు రసం, చేత్తో చిదిమిన టమాటాలు, ఉప్పు, పసుపు, కరివేపాకు, వంకాయ మూత మీది గోరువెచ్చని నీళ్ళు. టమాటా ఉడికాక రోట్లో కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, జీలకర్ర. టమాటా, మిరపకాయ రెండూ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినవి. మిరియం మాత్రం ఈ దేశపు పంటే. వానాకాలం చారులో ఇప్పటికీ మిరియందే పెత్తనం. పైన నురుగు లేచి గిన్నె అంచుకు వస్తుండగా దింపేయాలి. కళపెళా మరగనిస్తే చారు కాస్తా పులుసు అవుతుంది. నేతిలో ఆవాలు, ఇంగువ పోపు పెట్టి వెంటనే మూత పెట్టాను.

ఎనిమిదిన్నర. కరెంటూ, మా ఆవిడా కలిసే వచ్చారు. గొడుగు గుమ్మం దగ్గర తెరిచి పెట్టి, బ్యాగు కుర్చీలో వేసి, చెప్పులైనా విప్పకముందే అడుగుతోంది.

"ఏవండీ, బీరపొట్టు చేశారా? లిఫ్టు దగ్గరికే వాసన వస్తోంది."

"కాళ్ళు కడుక్కురా. వడ్డించేస్తున్నాం."

కింద చాపలు పరిచి ఐదు కంచాలు పెట్టాం. వేడి అన్నం. ముందు బీరపొట్టు పచ్చడి, నెయ్యి. ఈ వరసకు అర్థం ఉంది. ఆకలి బాగా ఉన్నప్పుడు పుల్లగా కారంగా ఉన్నది మొదటి ముద్దకు తగిలితే నోరు తెరుచుకుంటుంది. తర్వాత బీరకాయ పెసరపప్పు, అది కారం తాకిడిని సర్దుతుంది. తర్వాత వంకాయ. ఆ పైన చారు, చివర పెరుగు. పుల్లన నుంచి చల్లన దాకా ఒక్కో మెట్టూ దిగుతూ పోతాం.

నాన్న తన గిన్నెలో బీరకాయ కలుపుకుని రెండు ముద్దలు తిన్నారు. ఉప్పు తక్కువైందని అనలేదు. ఉప్పు తక్కువైన చోట పోపులో మినప్పప్పు, ఇంగువ, కరివేపాకు ఆయనకు అందుతున్నాయి. అమ్మాయి కంచంలో వంకాయ ముక్కలు అంచుకు జరిగాయి. బీరకాయ మాత్రం అన్నమంతా పచ్చగా అయ్యేలా కలుపుకుంది. బలవంతం చేయడం లేదు. వంకాయ ఈ వారం కాకపోతే వచ్చే వారం. అది తన కంచంలో కనబడుతూ ఉంటే చాలు. మా ఆవిడ మొదటి ముద్ద తిని మాట్లాడలేదు. రెండో ముద్దకు బ్యాంకులో జరిగింది చెప్పడం మొదలుపెట్టింది. మూడో ముద్దకు అమ్మ ఆమె కంచంలో ఇంకో గరిటె వంకాయ వేసింది.

"చాలు అత్తయ్యా."

"తిను. ముఖం పీక్కుపోయింది."

ఆ సోల మీది రెండో గుప్పెడు బియ్యం లెక్కకు సరిపోయింది.

ఈ కంచాల్లో మసాలా లేదు, జీడిపప్పు లేదు, పేరు చెప్పి గొప్పగా అనుకునే వంటకం ఒక్కటీ లేదు. పోపుల పెట్టెలో ఉన్న గింజలూ, సంచీలో వచ్చిన కాయలే. అయినా రెండున్నర గంటలు ప్రతి నిమిషం ఎవరో ఒకరు దేన్నో ఒకదాన్ని చూస్తూనే ఉన్నారు. కాయ చేదో తీపో, ఆవాలు పగిలాయో లేదో, మూకుడులో నీళ్ళు ఊరాయో ఇగిరాయో, ఎవరికి ఉప్పు తగ్గాలి, ఎవరికి కారం పడదు, ఎవరు మధ్యాహ్నం తినలేదు. రోజూ తినే కూరకు రుచి ఈ చూపులోంచే వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. కాయను చూసి వండాలి, మనిషిని చూసి వడ్డించాలి. ఈ రెండూ ఒకే విద్య. మొదటిది చేతకాకపోతే కూర చెడుతుంది. రెండోది లేకపోతే మంచి కూర వండి కూడా ఇంట్లో ఒకరిని పస్తు పెట్టినట్టే.

పెరుగన్నం దగ్గర అమ్మ ప్రతి రాత్రీ అడిగే మాట అడిగింది.

"రేపేం చేద్దాం?"

"బెండకాయ" అంది అమ్మాయి, ఎవరూ నోరు తెరవకముందే. "నేనే వండుతా. నీళ్ళు పోయను. మూత పెట్టేస్తా."

అమ్మ నవ్వింది. బెండకాయ కడిగాక తడి లేకుండా తుడిచి ఆరబెట్టి, ఆ తర్వాతే కోయాలి. తడి తగిలితే జిగురు సాగుతుంది, మూత పెడితే ఆ జిగురు కూరంతా పట్టుకుంటుంది. మూత తీసే వేయించాలి, ఉప్పు ఆఖర్న పడాలి. ఈ రోజు పిల్ల నేర్చుకున్న మూత రేపటి కాయకు పనికిరాదు. రేపు సాయంత్రం ఆరింటికి ఒక పొడి గుడ్డ, ఒక పళ్ళెం బెండకాయలు దాని ముందు పెట్టి, మళ్ళీ మొదటి నుంచి చూపిస్తాను.